సమ్మన్న రికార్డు చెయ్యని మాట

దయ్యాలు, ఆత్మలు అనేవాటిని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాసుకుంట గూడ నమ్ముతలేను. మా అమ్మ పోయిన రోజు ఆమె మంచం పక్కన ఒక్కదాన్నే కూసున్న. పాణం పోయిన ఇంట్ల ఏదో మసులుతదంటరు గదా, నాకైతే ఏం తెలువలే. గోడ గడియారం నడిచింది, పక్కింట్ల కుక్కర్ కూసింది, అంతే. బడిల ఏ పిల్లకన్న గాలి సోకిందని తాయెత్తు కట్టి తీసుకొస్తే, ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రని తల్లిదండ్రులతోటి కొట్లాడే టీచర్ను నేను.

అందుకే ఈ సంగతి చానా రోజులు మా ఇంట్ల గూడ చెప్పలే. ఈమెకు గూడ దయ్యాల పిచ్చి మొదలైంది అంటరని. ఇప్పుడు రాస్తున్న అంటే శ్రావణి అడిగింది కాబట్టి. "మీరే రాయున్రి టీచర్. వేరేటోళ్లు రాస్తే దయ్యం కథ చేస్తరు" అన్నది. వాళ్ల అమ్మ గూడ సరే అన్నది. అందరి పేర్లు మార్చిన, నాది గూడ.

మాది జనగామ. బచ్చన్నపేట మండలంల ఒక బడిల తెలుగు చెప్త. ఉద్యోగంల చేరిన కొత్తల మొగుళ్లపల్లి దిక్కు పని చేసిన. సమ్మన్న నాకు అక్కడ పరిచయం. పత్తి, మిర్చి పెట్టే రైతు. ఎండకాలం పొలాల పని లేనప్పుడు ఊర్ల నాటకం ఆడేటోడు. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకున్నప్పటి కంటె, వేషం తీసేసి అరుగు మీద కూసోని మాట్లాడినప్పుడు ఆయన గొంతు నాకు ఎక్కువ నచ్చేది. ఎదుటి మనిషి ఎంత దూరంల ఉంటే అంతే గొంతు వాడేటోడు. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆయన బిడ్డ శ్రావణి అప్పుడు నా బడిలనే చిన్న తరగతిల ఉండె.

నేను బదిలీ అయి వచ్చినంక గూడ పండుగకో పబ్బానికో ఫోన్ చేసేటోడు. "ఏం చెల్లె, మంచిగున్నవా" అని.

నడుమల మా అక్క కొడుకు నవీన్ సంగతి చెప్పాలె. వాళ్లది మహబూబాబాద్, మేము మానుకోట అంటం. హైదరాబాదుల కంప్యూటర్ ఆటలు తయారు చేసే కంపెనీల పని చేసి, అది ఇడిసిపెట్టి ఇంటికొచ్చిండు. ఇద్దరు దోస్తులను కలుపుకొని సొంతంగ ఒక ఆట మొదలుపెట్టిండు. ఆట అంటే తుపాకులు పట్టుకొని కాల్చుడే అని నేననుకున్న.

"అది కాదు చిన్నమ్మా, ఇది కథ" అన్నడు. "సినిమా లెక్క నడుస్తది. కాని నడుమ నడుమ ఆగి, ఇప్పుడు నువ్వేం చేస్తవ్ అని అడుగుతది. నువ్వు ఏది ఒత్తితే కథ అటు పోతది."

ఆ కథంత మన మాటలనే ఉండాలని వాని పట్టుదల. తెరమీద మన మాట వినిపించిందంటే నవ్వించేటందుకే అన్నట్టు ఏండ్ల సంది చూసినం గదా. మనం ఏడ్చేటప్పుడు గూడ ఇదే మాట మాట్లాడ్తమని జనానికి వినిపియ్యాలె అన్నడు. ఆ మాట నాకు తగిలింది. సంభాషణలు రాసిచ్చిన. అందుల ముసలవ్వ గొంతు గూడ నేనే చెప్పిన. తండ్రి వేషానికి ఎవరున్నరని అడిగితే, సమ్మన్న పేరు నేనే చెప్పిన.

రికార్డింగ్ నవీన్ వాళ్ల ఇంట్లనే, మేడ మీది గదిల. బయటి చప్పుడు రాకుండ గోడలకు బొంతలు కట్టిన్రు. ఫ్యాన్ బంద్ చెయ్యాలె. రైలు స్టేషన్ దగ్గర్నే కాబట్టి, రైలు పోయేదాక మాట ఆపాలె. ఎండకాలం ఆ గదిల కూసుంటే మనిషి ఉడికినట్టే అయ్యేది. సమ్మన్న మొదటి రోజు నాటకం గొంతు తీసిండు. గది అదిరింది. నవీన్ మెల్లగ మైక్ చూపించి, "పెద్దయ్యా, ఇది ఊరంత కాదు. ఇది నీ పక్కన కూసున్న ఒక్క మనిషి చెవు" అన్నడు. సమ్మన్న జరసేపు ఆ మైక్‌నే చూసిండు. ఆ తర్వాత ఆయనకు ఇంకోసారి చెప్పే అవసరం పడలే.

ఆ ఆటల ఒక వాగు సీన్ ఉన్నది. తండ్రి, బిడ్డ బండి కట్టుకొని వాగు దాటుతుంటరు. పైన వాన పడి నీళ్లొస్తయి. బండి ఒరిగి తండ్రి కాలు చక్రం కింద పడ్తది. బిడ్డకు ఆటల గొంతు లేదు, ఎందుకంటె ఆడేటోళ్లే బిడ్డ. తెర మీద రెండు మాటలు కనిపిస్తయి. ఒకటి, చెయ్యి పట్టుకొని గుంజు. ఇంకోటి, ఊర్లెకు ఉరికి మందిని తీస్కరా. కింద ఒక తెల్లగీత చిన్నగ అయితుంటది. అది అయిపోయేలోపల ఒకటి ఒత్తాలె.

కాగితం చదివి సమ్మన్న అడిగిండు. "గుంజితే ఏమైతది?"

"బిడ్డ చేతులల్లనే పోతడు" అన్నడు నవీన్.

"ఉరికితే?"

"మందితోటి వచ్చేసరికి ఉండడు."

"మరి ఏది ఒత్తినా పోతడు గదా బాబూ. అడుగుడెందుకు?"

నవీన్ దానికి ఓపికగనే చెప్పిండు. "అడిగితెనే గుండె కొట్టుకుంటది పెద్దయ్యా. చూసేటోడు ఊకె చూస్తడు. ఆడేటోడు నా చేతుల ఉన్నది అనుకుంటడు. ఆ భయంల ఉన్నప్పుడు నీ మాట వింటే, అది మర్చిపోలేడు."

సమ్మన్న ఒప్పుకున్నడో లేదో నాకు తెలువది. "సరే, నీ కథ" అన్నడు. రెండు తీర్లుగ చెప్పిండు. చెయ్యి పట్టుకున్న బిడ్డకు ఒక తీరు, ఉరుకుతున్న బిడ్డ వీపుకు ఒక తీరు. నేను బొంత పక్కన కూసోని విన్న. రెండోది చెప్తుంటె నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.

మూడోది ఒకటి ఉన్నది. ఏదీ ఒత్తకుండ గీత అయిపోతే ఏం కావాలె అని. నవీన్ దానికి మాటలు పెట్టలే. వాగు చప్పుడు పెరిగి, తెర నల్లగయి, ఆ సీన్ ఐపోతది. మౌనమే ఎక్కువ భయపెడ్తది అన్నడు. కాబట్టి దానికి సమ్మన్నతోటి ఒక్క మాట గూడ చెప్పియ్యలే. ఇది నేను పక్కన కూసోని చూసిన సంగతి.

పని అయిపోయినంక ఆట ఇంకా బజారుకు రాకముందే, సమ్మన్న ఫోన్ల ఒక కాపీ ఏసిచ్చిండు నవీన్. ఆయన చూసుకోవాలని. అది నెట్ లేకున్నా నడుస్తది.

ఆ ఏడు పత్తి తీసే దినాలల్ల సమ్మన్న పోయిండు. పొద్దుగూకినంక ఛాతిల మంట అన్నడట. తెల్లారేసరికి లేడు. గుండె అన్నరు.

మట్టి చేసే నాడు నేను పోయిన. కొమురక్క, అంటే ఆయన భార్య, గడప కాడ కూసోని ఏడుస్తున్నది. శ్రావణి జనగామల హాస్టల్ల ఉండి నర్సింగ్ చదువుతున్నది అప్పటికి. ఆ పిల్ల ఏడుస్తలేదు. వచ్చినోళ్లకు నీళ్లిచ్చింది, చాపలు పరిచింది, నాకు గూడ "టీచర్, కూసోండ్రి" అన్నది. నాకు ఆమెను చూస్తెనే ఎక్కువ భయమైంది.

కొన్ని వారాలకు కొమురక్క ఫోన్ చేసింది. "పిల్ల కాలేజీకి పోతలేదు టీచరమ్మా. వాళ్ల నాయిన ఫోను పట్టుకొని కూసుంటది. ఆ ఆట పెడ్తది, ఆయన గొంతు ఇంటది. మళ్ల పెడ్తది. మీరొక్కసారి రండ్రి. మీ మాటైతే ఇంటది."

ఆదివారం నాడు బస్సులు మారుకుంట పోయిన. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పత్తి ఇంకా అమ్మలే. ముందటి అర్రల, అంటే ముందు గదిల, తెల్లగ గుట్ట పోసి ఉన్నది, మనిషి ఒత్తుకొని పోవాలె. శ్రావణి ఆ పత్తికి ఒరిగి కింద కూసున్నది. కరెంట్ లేదు. టీవీ గాని, రేడియో గాని ఏదీ నడుస్తలేదు. ఇది ఎందుకు చెప్తున్ననో తర్వాత తెలుస్తది.

కొమురక్క నాకు చాయ్ ఇచ్చి పెరట్లకు పోయింది. గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తున్నది.

"ఏంది బిడ్డా గిది" అన్న. "పరీక్షలు దగ్గరికొచ్చినయి గదా."

శ్రావణి ఫోన్ మీదికెళ్లి తల ఎత్తలే. "టీచర్, ఇందుల నాయిన బతికేది ఉన్నదా? మీరే రాసిన్రు గదా మాటలు. ఎటు పోతే బతుకుతడు?"

నేను అబద్ధం ఆడలేకపోయిన. "లేదు బిడ్డా" అన్న.

"నేను గూడ అట్లనే అనుకున్న. అన్ని తీర్ల చూసిన. ముందటి సీన్లల్ల గూడ మార్చి మార్చి చూసిన. బండి కట్టకుంటె ఏమైతదో చూద్దామంటె, ఆట కట్టియ్యకుండ ఊకోదు."

ఆమెనే మళ్ల చెప్పింది.

"ఆ రోజు నాకు ఫోన్ చేసిండు టీచర్. అమ్మకు తెల్వకుండ. ఛాతిల మంట అయితుంది బిడ్డా, నువ్వు నర్సు సదువుతున్నవ్ గదా, ఏం చెయ్యాలె, దవాఖానకు పోవాల్నా అని అడిగిండు. మిరపకాయ బజ్జీలు తిన్న అన్నడు. నా ముందట రెండే ఉండె. పో అనాలె, లేకుంటె పండుకో అనాలె. గ్యాస్ అయ్యుంటది నాయినా, గోళీ ఏసుకొని పండుకో, పొద్దుగాల పోదువు అన్న. నేను ఒత్తింది అది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్న. ఆ టైంకు బండి దొరికి దవాఖానకు పోయినా ఏమయ్యేదో ఎవరికి తెలుసు, డాక్టర్లు గూడ ఖాయంగ చెప్పలేరు అన్న. ఆమె తల ఊపింది. ఆమెకు గూడ ఆ సంగతి తెలుసు. నాకంటె ఎక్కువ తెలుసు. తెలిసి గూడ పనికిరాని సంగతులు ఉంటయి.

"చూడున్రి" అని ఫోన్ నా దిక్కు తిప్పి వాగు సీన్ పెట్టింది. బండి ఒరిగింది. నీళ్లొచ్చినయి. సమ్మన్న గొంతు "బిడ్డా, కాలు" అన్నది. రెండు మాటలు తెర మీదికొచ్చినయి. తెల్లగీత మొదలైంది.

ఆమె బొటనవేలు తెర మీదనే ఉన్నది. ఎటో ఒత్తుతదనుకున్న. ఒత్తలే. ఫోన్‌ను మెల్లగ ఒళ్లె పెట్టుకొని, చేతులు రెండు పక్కకు తీసింది. ఎందుకట్ల చేసిందో తర్వాత అడిగితే, "ఇగ నాతోటి కాలే టీచర్" అన్నది.

గీత అయిపోయింది. వాగు చప్పుడు పెరిగింది. తెర నల్లగయింది. చప్పుడు ఆగింది.

ఆ తర్వాత ఫోన్లకెళ్లి సమ్మన్న గొంతు వచ్చింది.

"ఇగ చాలు బిడ్డా. ఫోను మీ అమ్మకియ్యి."

గంతే. గట్టిగ గాదు, గుసగుస గాదు. అర్రల కూసున్న మనిషి పెరట్ల ఉన్న మనిషికి గూడ వినపడాలని ఎంత గొంతు వాడ్తడో అంత.

నేను శ్రావణి దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూసింది. ఇద్దరం విన్నమని ఇద్దరికీ తెలిసింది. ఒక్కదాన్నే విని ఉంటె, అది నా భ్రమ అని ఈపాటికి నన్ను నేను ఒప్పించుకునేదాన్ని.

కాని పెరట్లకెళ్లి కొమురక్క పలికింది. "ఆ, వస్తున్న."

గిన్నెల చప్పుడు ఆగింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంట లోపలికొచ్చింది. పత్తి గుట్టను ఒత్తుకుంట బిడ్డ కాడికొచ్చి చెయ్యి చాపింది, ఫోన్ ఇయ్యమన్నట్టు. అప్పటికి ఆమె మొఖంల ఏ ఆశ్చర్యం లేదు. రోజు జరిగే పనే అన్నట్టు ఉన్నది. శ్రావణి ఫోన్ ఇచ్చింది.

కొమురక్క చెవి కాడ పెట్టుకొని "ఆ, చెప్పు" అన్నది.

అప్పుడు ఆమెకు యాదికొచ్చినట్టున్నది. మనిషి నిలబడ్డకాడనే గట్టిగయిపోయింది. కాని ఫోన్ మాత్రం చెవు కాడికెళ్లి తియ్యలే. చానాసేపు అట్లనే నిలబడ్డది. లోపల ఏ చప్పుడూ లేదు.

తర్వాత ఆ ఫోన్లనే మెల్లగ మాట్లాడింది. "పత్తి ఏరుడు అయిపోవచ్చింది. కింది చెల్కల ఒక్కసారి ఏరితె అయిపోతది. పిల్ల మంచిగనే ఉన్నది. నువ్వు పరేషాన్ కాకు."

ఆ మాట వినంగనే శ్రావణి ఏడ్చింది. వాళ్ల నాయిన పోయిన కాడికెళ్లి ఏడ్వని పిల్ల, పత్తిల మొఖం పెట్టి ఏడ్చింది. కొమురక్క ఫోన్ పక్కన పెట్టి బిడ్డను దగ్గరికి తీసుకున్నది. నేను బయటకొచ్చి అరుగు మీద కూసున్న.

ఫోన్లకెళ్లి వచ్చిన ఆ మాట సంగతి తర్వాత తెలిసింది. సమ్మన్న పొలం కాడికెళ్లి గాని, మిర్చి అమ్మబోయిన కాడికెళ్లి గాని ఫోన్ చేస్తే శ్రావణి ఎత్తేదట. ముచ్చట పెట్టి పెట్టి, ఆఖరికి ఎప్పుడూ గదే మాట అనేటోడట. ఇగ చాలు బిడ్డా, ఫోను మీ అమ్మకియ్యి. అప్పటిదాక నాకు ఆ సంగతి తెలువది. నేను ఆటల ఆ మాట రాయలే. నవీన్‌కు తెలిసే తొవ్వే లేదు.

నేను టీచర్ను. ఊకె నమ్మి కూసోలే. అక్కడనే ఫోన్ తీసుకొని చూసిన. సిమ్ లేదు, అది కొమురక్క ఫోన్ల ఏసుకున్నరు. నెట్ లేదు. ఆయన పంపిన గొంతు మెసేజ్‌లు గాని, దాచిపెట్టిన కాల్ రికార్డింగులు గాని ఏం లేవు. మళ్ల అదే సీన్ పెట్టి, ఏదీ ఒత్తకుండ చూసినం. వాగు చప్పుడు, నల్ల తెర. మాట లేదు. ఇంకోసారి పెట్టినం. లేదు.

నవీన్‌కు చెప్పిన. వాడు మొదట నవ్వలే గాని, నమ్మలే. వచ్చే ఆదివారం కంప్యూటర్ తీసుకొని నాతోటి మొగుళ్లపల్లి వచ్చిండు. ఆ ఫోన్ల ఆటను విప్పి, అందుల ఉన్న చప్పుళ్లన్ని ఒక్కొక్కటి వినిపించిండు. మూడో తీరుకు ఉన్నది వాగు నీళ్ల చప్పుడు ఒక్కటే. దానెనుక ఏమన్న చిన్నగ కలిసిందేమో అని ఆ ఒక్కదాన్నే పెద్దగ చేసి విన్నం. నీళ్లే.

వానికి ఒక అనుమానమొచ్చింది. రికార్డింగ్ నడుమల సమ్మన్న ఇంటికి ఫోన్ చేసి ఉంటె, మైక్ దాన్ని పట్టి ఉండొచ్చు గదా అని. నాకు గూడ ఆ మాట నమ్మబుద్ధి అయింది. అదే నిజమైతే బాగుండు అనుకున్న. మానుకోట పోయి ఆ రోజులల్ల పట్టిందంత మొదటికెళ్లి విన్నడు. పనికిరాదని పక్కకు పెట్టినవి గూడ విన్నడు. రైలు పోతుంటె మేము ఆగిన చప్పుళ్లు, చాయ్ అడిగింది, దగ్గింది, "బొంత జర పక్కకు జరుపు చెల్లె, ఊపిరాడ్తలేదు" అన్నది, అన్ని ఉన్నయి. ఆ మాట లేదు. ఉన్నా గూడ, అది ఆ ఫోన్లకు ఎట్లొస్తది అని వాడే అన్నడు.

ఇప్పుడు కంప్యూటర్ ఏ మనిషి గొంతునన్న తయారు చేస్తది గదా, నువ్వేమన్న చేసినవా అని సూటిగనే అడిగిన. వాని మొఖం చిన్నగయింది. "చిన్నమ్మా, ఆ పిల్ల ముందట నేను అట్ల చేస్తనా" అన్నడు. చెయ్యడు. నాకు తెలుసు. చేద్దామన్నా, ఆ ఇంటి మాట వానికి ఎవరు చెప్పిన్రు?

శ్రావణికి ఆ తర్వాత దినాలు మంచిగ గడిచినయని రాయాలని ఉన్నది. గడవలే. ఆమె అప్పటికెళ్లి రెండు మాటలల్ల దేన్నీ ఒత్తలే. ఊకె గీత అయిపోయేదాక కూసునేది. ఆ గొంతు మళ్ల వస్తదని. నాకు ఫోన్ చేసి "రాలే టీచర్" అనేది. మర్నాడు మళ్ల "రాలే టీచర్" అనేది. నేను పోయి ఆ పిల్లకు మేలు చేసిన్నో, ఇంకింత లోతుల పడేసిన్నో నాకు అర్థం కాకపోయేది.

ఆఖరికి దాన్ని ఆపింది కొమురక్కనే. నేను అప్పుడు అక్కడ లేను, శ్రావణి చెప్పింది. పొలంకెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కొని, బిడ్డ ముందట కూసున్నదట.

"ఆ రోజు మీ నాయిన ఏమన్నడు?"

"ఫోను నీకియ్యమన్నడు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన గదా."

"మళ్ల తీసుకున్నవ్. ఇయ్యి."

శ్రావణి ఇచ్చింది. కొమురక్క దాన్ని బీరువల చీరెల నడుమ పెట్టి తాళం ఏసింది. ఆ వారంలనే పిల్లను బస్సెక్కించి జనగామ పంపింది. నేనే పోయి కాలేజీల మాట్లాడిన. పరీక్షలు ఒకటి రెండు తప్పింది గాని, తర్వాత రాసి పాసైంది.

ఆట సంగతి గూడ చెప్పాలె. నవీన్ మనసు ఆగలే. వాగు సీన్ల ఇంకొక తొవ్వ పెడ్త అన్నడు. తండ్రి బతికి బయటపడే తొవ్వ. దానికి మాటలు కావాలె, చెప్పేటందుకు మనిషి లేడు. వాని దోస్తు ఒకడు, ఉన్న రికార్డింగులతోటి కంప్యూటర్‌ల ఆయన గొంతు చేద్దాం, ఎవరికీ తేడా తెలువదు అన్నడు. నవీన్ నన్ను తోలుకొని కొమురక్కను అడగనీకి వచ్చిండు.

ఆమె అంత విన్నది. "బతికినట్టు చేస్తరా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా. ఆటలనన్న."

నాకైతే ఒప్పుకుంటదనిపించింది. కాని, "వద్దు బిడ్డా" అన్నది. "ఆయన అనని మాట ఆయన నోట్ల పెట్టకున్రి. అనేది ఉంటె ఆయనే అంటడు."

నవీన్ తల వంచుకొని వచ్చేసిండు. ఆట ఎట్లున్నదో అట్లనే బయటికొచ్చింది. పెద్దగ పేరేం రాలే. కాని ఆడినోళ్లు కింద రాసే మాటలు నేను చదువుత. ఎక్కడెక్కడి పిల్లలో, నేను ఒక్కటే ప్రశ్న ఎక్కువ చూసిన. నాన్నను కాపాడే దారి ఎవరికైనా దొరికిందా అని. ఒకరికొకరు చెప్పుకుంటుంటరు, ముందు సీన్ల ఎద్దులకు నీళ్లు పెడ్తే బతుకుతడట, అవ్వ మాట వింటె బతుకుతడట అని. ఏదీ నిజం కాదు. ఏదీ ఒత్తకుండ ఊకున్నోళ్లు గూడ ఉన్నరు. వాళ్లల్ల ఒక్కరు గూడ మాట వినపడ్డది అని రాయలే. నేను వెతికిన.

కొమురక్కను ఒకసారి అడిగిన. అక్కా, నువ్వు ఆ రోజు పెరట్లకెళ్లి పలికినవ్ గదా, ఏమనుకొని పలికినవ్ అని. "ఏమనుకుంట? పిలిచినట్టయింది, పలికిన" అన్నది. మళ్ల ఆ ముచ్చట ఆమె తియ్యలే.

శ్రావణి ఇప్పుడు భూపాలపల్లిల ఒక దవాఖానల నర్సు. మొన్న పని మీద అటు పోయి కలిసిన. డ్యూటీ అయిపోయినంక దవాఖాన ముందటి చాయ్ బండి కాడ కూసున్నం. అక్కడనే ఈ సంగతి రాయమన్నది. మీకు ఏమనిపిస్తది టీచర్, అది ఏందంటరు అని అడిగింది. నాకు తెలువది బిడ్డా అన్న. ఫోన్ చెడిపోయిందనుకుంటె మాట సరిపోతలేదు. మనసు భ్రమ అనుకుంటె, అర్రల ఉన్న మేమిద్దరం, పెరట్ల ఉన్న కొమురక్క ఒక్కసారే ఎట్ల విన్నం? ఆత్మ అనుకుందామంటె, నాకు ఆ నమ్మకమే లేదు. నేను ఏ దిక్కు పోయినా నడుమలనే ఆగిపోతున్న.

ఆమె చాయ్ గ్లాసు పక్కకు పెట్టింది.

"నేను ఒకటి ఎవ్వరికి చెప్పలే" అన్నది. "ఆ రోజు హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు నాయిన మాట మాటకు ఊపిరి తీసుకున్నడు టీచర్. నేను విన్న. విని గూడ గ్యాస్ అన్న. ఆటల గూడ నీళ్లల్ల ఉంటడు కాబట్టి, ఆ సీన్ల ఏ మాట విన్నా ఆయాసమే. నా చెవులల్ల అదే ఉండిపోయింది. కాని మనం విన్న ఆ మాటల ఆయాసం లేదు. నేను ఇప్పుడు రోజు పేషెంట్ల ఊపిరి ఇంట. నాకు తెలుస్తది. తిని, చెయ్యి కడుక్కొని, మంచంల కూసున్నోని గొంతు అది. ఏ నొప్పి లేదు."

బస్సు వచ్చింది. ఆమె నన్ను ఎక్కించి, కిటికీ కాడ సీటు చూపించి, చెయ్యి ఊపింది. తొవ్వంత ఆ గొంతును మళ్ల యాది చేసుకున్న. ఆమె చెప్పింది నిజమే. ఆయాసం లేదు. అది ఎక్కడికెళ్లి వచ్చిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలువది.